నాలుగో జ్వరం రాని పిల్లలు

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మహబూబ్‌నగర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తున్న పంట ఏది?" అని అడుగుతారు. మంచి పంట గురించి చెబుతాననుకుంటారు. మంచి పంట గురించి చెప్పడానికేముంది? గూళ్ళు తెల్లగా వచ్చాయి, రైతు నవ్వాడు, పై అధికారి వచ్చి ఫోటో దిగాడు. అంతకుమించి ఉండదు. నాకు బాగా గుర్తున్నది చెడిపోయిన పంట. దాన్ని చెడగొట్టింది ఈగ కాదు, రోగం కాదు, నేను. ఆ సంగతి చెప్పబోతే పరువు గుర్తుకు రాదు, ఆ షెడ్డులోని నిశ్శబ్దం గుర్తుకొస్తుంది. అందుకే ఇన్నాళ్ళు మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు రాసి పెడుతున్నాను, చదువుకోండి.

నా పని పట్టుపురుగులు పెంచే రైతులకు సలహాలివ్వడం. కొత్తకోట వైపు చాలా ఏళ్ళు తిరిగాను. రాష్ట్రం వచ్చి, జిల్లాలు ముక్కలయ్యాక నన్ను చౌటుప్పల్ పక్కకు వేశారు. బోర్డు మీద జిల్లా పేరు మారింది, నా మోటారు సైకిల్ మాత్రం మారలేదు. ఆ బండి వెనక ఎప్పుడూ ఒక పూలమొక్కల ట్రే కట్టి ఉండేది. నాకు పూల పిచ్చి. పోయిన ప్రతి ఆఫీసు ముందూ నాలుగు మడులు చేసి పూలు పెట్టేవాణ్ణి. నా వెనకాల అందరూ 'పూల సారు' అనేవారు. మా అటెండరు ముఖం మీదే అనేవాడు: "సారుకు కూడు పెట్టేది పురుగులు, పేరు పెట్టింది పూలు."

ఆ శీతాకాలం హైవే పక్క నర్సరీలో ఒక మొక్క కనబడింది. జానెడున్నర ఎత్తు. మెత్తటి నూగు ఆకులు. పైన గుత్తులు గుత్తులుగా ఊదా కలిసిన నీలం పూలు. వాటికి రేకులు ఉండవు, సన్నని దారాలు కత్తిరించి కట్టిన కుచ్చుల్లా ఉంటాయి. అజరేటం అంటారని నర్సరీ ముసలాయన చెప్పాడు. ఒక్క ఏడు బతికి, విత్తనం రాల్చి పోతుందట. రెండు ట్రేలు తెచ్చి ఆఫీసు ముందు వరుసగా నాటాను. నెల తిరిగేసరికి నేలంతా నీలం.

అప్పుడే ఒకటి గమనించాను. పక్క మడిలో బంతికి పేను పట్టింది, గులాబీ ఆకును గొంగళి తిన్నది. ఈ నీలిపూల మీద మాత్రం ఒక్క పంటిగాటు లేదు. ఆకు నలిపి వాసన చూస్తే ముక్కు ముడుచుకునేలా, మేకపోతు దగ్గర వచ్చే వాసనలాంటిది వచ్చింది. ఈ పువ్వు దగ్గరికి పురుగు చేరదని నాకు నేనే తేల్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ లేని సంగతి కనిపెట్టానని రెండు మూడు రోజులు ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చౌటుప్పల్ నుంచి లోపలికి అరగంట పోతే ఒక ఊరు. అక్కడ ఒక చేనేత కుటుంబం నా రైతులు. ఇంట్లో ముగ్గురే. మగ్గం మీద కూర్చునే తండ్రి, అతని తల్లి అయిన అవ్వ, పదహారేళ్ళ పిల్ల. పిల్ల తల్లి ఎప్పుడో పోయింది. ఇంటి వెనక ఎకరం మల్బరీ, రేకుల షెడ్డు ఉండేవి. పిల్ల పది పాసై, ఏడాదిగా చదువు మానుకొని ఆ షెడ్డు చూసుకుంటున్నది. పొద్దున్నా సాయంత్రం వేడి ఎంత, తేమ ఎంత అని నోటుబుక్కులో రాసేది. నా సర్వీసులో అంత శుభ్రంగా రాసిన రైతును నేను చూడలేదు.

ఆ ఇంట్లో ఒక మాట నడుస్తుండేది. ఈ పంట నిలబడితే పిల్ల జూన్‌లో నల్లగొండ కాలేజీకి, హాస్టలుకు పోతుంది. పంట పోతే, మేనత్త కొడుకుకిచ్చి చేస్తారు. అతను లారీ నడుపుతాడు, పిల్లకంటే పన్నెండేళ్ళు పెద్ద. అంతకుముందు రెండు పంటలు ఊజీ ఈగ తినిపోయింది. ఆ ఈగ వచ్చి పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలికి దూరి బతికుండగానే తింటుంది. రెండో పంట పోయినప్పుడు తండ్రి పిల్లతో అన్నాడట: "ఇగ ఇదొక్కటి సూస్త బిడ్డా. గిది గూడ పోతె నన్నేం అనకు." పదహారేళ్ళ పిల్లకు పెళ్ళి చేయకూడదన్న చట్టం నాకు తెలుసు. అది మన శాఖ పని కాదన్న తెలివి కూడా ఉంది. రెండో తెలివే ఎక్కువ వాడాను.

మీకు తెలిసిందే అయినా, మా ఆవిడ లాంటి వాళ్ళు చదువుతారేమోనని చెబుతున్నాను. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు తిండి మాని, తల ఎత్తి, ఒక రోజు కదలకుండా కూర్చుంటుంది. పాత చర్మం వదిలి పెద్దదై లేస్తుంది. దాన్ని మనం జ్వరం అంటాం. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వేయకూడదు, గాలి తగలకూడదు, కదపకూడదు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఆబగా తిని, వేలంత లావై, అప్పుడు గూడు కడుతుంది. ఆ చివరి వారం తిన్నదే పట్టు అవుతుంది. ఆ వారం లేకపోతే ఏమీ లేదు.

ఆ ఇంట్లో వాటిని ఎవరూ పురుగులు అనేవారు కాదు. అది అవ్వ పెట్టిన కట్టుబాటు. "ఇంట్ల పెట్టుకొని సాదుతున్నం, పురుగు అంటె వాటికి మనసుండది" అనేది. అందరూ పిల్లలు అనేవారు. పిల్లలకు ఆకు వేశామనో, పిల్లలు లేచారనో చెప్పుకునేవారు. నేను కూడా ఆ గడప దాటితే అలాగే అనేవాణ్ణి. ఆ ముచ్చటైన అలవాటే మా కళ్ళకు గంతలు కట్టింది.

మూడో పంట మాఘమాసంలో మొదలైంది. రెండు జ్వరాలు లేచిన పిల్లలను తెచ్చి షెడ్డులో దించాం. ఈగ భయంతో ఇంటిల్లిపాదీ కళ్ళలో వత్తులు వేసుకొని ఉన్నారు. మల్బరీ ఆకు నిలవ పెట్టే చిన్న గదిలో వేపమండలు వేలాడదీస్తానని అవ్వ అన్నది. వడ్లలో వేపాకు కలపడం తెలిసిన చెయ్యి.

"వేప వద్దు అవ్వా, మన పిల్లలకు పడదు. చచ్చిపోతాయి" అన్నాను.

"మరి ఈగ రాకుంట ఏం జెయ్యాలె సారూ?"

అప్పుడు నా గొప్ప కనిపెట్టుడు బయటికి తీశాను. షెడ్డు చుట్టూ అంతకుముందే నేను ఇచ్చిన నీలిపూల మొక్కలు మోకాలెత్తు పెరిగి విరగబూసి ఉన్నాయి. వాటిని కోసి కట్టలు కట్టి కిటికీ జాలీలకు కట్టమన్నాను. ఆకు గదిలో మల్బరీ మీద కప్పే తడి గోనెల కింద కూడా ఒక పొర పరచమన్నాను. "ఈ పువ్వు దగ్గరికి పురుగు చేరదు" అని నా నోటితోనే అన్నాను. అవ్వకు, పక్కనున్న పిల్లకు, నాకు, ఒక్కరికి కూడా మేం సాకేది ఏమిటో ఆ క్షణాన తట్టలేదు.

గట్టు మీద మేకలు కాస్తున్న ఒకాయన ఆ మాట విన్నాడు. ఆయన మంద రోజూ ఆ తోవనే పోతుంది. "సారూ, మేకలు నాగజెముడు సుట్టు గూడ మూతి వెడ్తయి. గా నీలిపూల దిక్కు మాత్రం సూస్తలేవు. మేక వద్దన్నదాన్ని ఇంట్ల పెట్టుకోవద్దు" అన్నాడు. "మీ మేకలకు మల్బరీ దొరకలేదని అలక" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. మంద తోలుకొని పోయాడు.

రెండు రోజుల తరువాత వెళ్తే, కిటికీ జాలీల మీద గోధుమరంగు సీతాకోకచిలుకలు ఉన్నాయి. నాలుగైదు అనుకునేరు. ఎండుతున్న ఆ పూలకట్టల మీద సందు లేకుండా, ఒకదాని పక్కన ఒకటి, రెక్కలు మూసి వేలాడుతున్నాయి. వేలితో తాకితే పక్కకు జరుగుతున్నాయి తప్ప ఎగరడం లేదు. అన్నీ కలిసి మెల్లగా, ఒకసారి రెక్కలు తెరిచి మూశాయి. చప్పుడు లేదు.

"నిన్న మాపటికెల్లి గట్లనే ఉన్నయి సార్. వెళ్ళగొడితె పోతలేవు" అన్నది పిల్ల.

అవ్వ వాకిట్లోంచి చూసి, "ఎవలో వచ్చిండ్రు. ఎందుకొచ్చిండ్రో చెప్తలేరు" అన్నది.

 నేను సెల్‌ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకున్నాను. ఊజీ ఈగ మాత్రం ఒక్కటి కూడా లేదు. అదే చూపించి, "చూశారా" అన్నాను.

మూడో జ్వరం సరిగానే వచ్చి పోయింది. ఆ తరువాత నాలుగో రోజు పొద్దున పదింటికి షెడ్డు ముందు బండి ఆపాను. మీరందరూ వినే ఉంటారు, లక్షల నోళ్ళు ఆకు నములుతుంటే షెడ్డులో సన్నని వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు బయటికే వినబడుతుంది. ఆ రోజు బండి ఇంజను ఆపాక ఏమీ వినబడలేదు. ఇంట్లో మగ్గం కూడా ఆగి ఉంది. తలుపు దగ్గర పిల్ల నోటుబుక్కు పట్టుకొని నిలబడింది.

"తింటలేవు సార్. పొద్దుగాల వేసిన ఆకు గట్లనే ఉన్నది."

లోపలికి వెళ్ళాం. తట్టల నిండా ఆకు వాడిపోయి ఉంది. దాని మీద పిల్లలన్నీ ముందు సగం పైకెత్తి ఉన్నాయి. ఇంకా చిటికెన వేలి గోరుకు రెండింతలు కూడా లేవు. తిండి మానాయి, తల ఎత్తాయి. నాలుగో జ్వరం ఒక రోజు ముందే వచ్చిందనుకున్నాను. సున్నం పొడి చల్లమన్నాను, తలుపు వేసి రేపటిదాకా ఎవరూ లోపలికి పోవద్దన్నాను. జ్వరం రోజు మనం చెప్పేదే ఇది. ఎన్నో వందలసార్లు చెప్పిన మాట.

అవ్వ మాత్రం తట్ట మీదికి వంగి కదలలేదు. మగ్గం మీద పోగు తెగితే పట్టుకునే కళ్ళు ఆమెవి. "సారూ, పోయిన జ్వరంల ఇవి తలకాయలు ఎత్తి నిలవెట్టినయి. ఇప్పుడు తిప్పుతున్నయి" అన్నది.

నేనూ చూశాను. నిజమే. అన్ని తలలూ మెల్లగా ఎడమకు పోయి కుడికి వస్తున్నాయి. ఒక తట్టలోవి ఆగితే ఇంకో తట్టలోవి మొదలుపెడుతున్నాయి. గాలి లేదు. ఏదో వెతుకుతున్నట్టు, ఎవరో పిలిస్తే ఏ దిక్కునో తెలియనట్టు తిప్పుతున్నాయి. అది చూస్తే నాకు భయం వేసింది, భయం వేసిందని ఒప్పుకోవడానికి నామోషీ అయింది. "అవ్వా, పాతికేళ్ళుగా చూస్తున్నాను. జ్వరమే" అని తలుపు దగ్గరికి వేశాను. గొళ్ళెం పెట్టింది నా చెయ్యే.

మర్నాడు మధ్యాహ్నం తలుపు తీశాం. ఎండ లోపలికి పడింది. తట్టలన్నిటి మీదా తెల్లగా బూజు పట్టినట్టుంది. దగ్గరికి పోయి చూస్తే అది దారం. వాడిన ఆకుల మడతల్లో, తట్టల అంచుల్లో, సున్నం మీద, ఎక్కడ పడితే అక్కడ గూళ్ళు కట్టుకున్నాయి. చింతగింజంత గూళ్ళు. పల్చగా, లోపల ఉన్నది కనబడేంత పల్చగా. ఇంకా కడుతున్నవి కొన్ని ఉన్నాయి, ఆ చిన్న తలలు అదే పనిగా తిరుగుతున్నాయి. నాలుగో జ్వరమే రాకుండా, పట్టు ఇచ్చే ఆ చివరి వారం తినకుండానే, ఉన్న కాస్త దారంతో అవి తమ పని ముగించేశాయి. చావు వాసన లేదు, రోగం మచ్చ లేదు. చచ్చిపోయి ఉంటే నాకు అంత బెరుకు ఉండేది కాదు.

పిల్ల ఒక గూడు తీసి అరచేతిలో పెట్టుకుంది.  తరువాత నోటుబుక్కు తీసి, ఆ రోజు వేడి, తేమ రాసి, పక్కన 'పెద్దగయినయి' అని రాసింది. ఆ అక్షరాలు నేను చూశాను.

ఊరన్నాక మాటలు ఆగవు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. మూడో రోజుకు మాట ఒక దగ్గర నిలబడింది. వయసొచ్చిన పిల్ల ముట్టయిన మూడు రోజులు కూడా షెడ్డులోకి పోయిందట, అందుకే పిల్లలకు వేళ కాని వేళ ఈడు వచ్చిందట. ఆ మాట మొదట అన్నది మేనత్త. తండ్రి కాదనలేదు. మగ్గం మీద కూర్చున్నాడు కానీ నేయలేదు. పిల్ల షెడ్డు దిక్కు పోవడం మానేసింది. నాతో మాట్లాడటం కూడా మానేసింది.

నేను గూళ్ళు, మిగిలిన ఆకు పరీక్షకు పంపాను. ఏ రోగమూ లేదని చెప్పారు. వారం తరువాత పరిశోధన కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మీ వయసుదే ఉంటుంది. షెడ్డు చూసి, ఆకు గదిలోకి అడుగుపెట్టగానే ఆగి, "సార్, ఈ వాసన ఏమిటి?" అన్నది. గోనె ఎత్తి చూపించాను. నీలిపూలు నల్లబడి మల్బరీకి అతుక్కుపోయి ఉన్నాయి. ఆమె ఒక పువ్వు గిల్లి, నలిపి వాసన చూసింది.

"ప్రతి పురుగు తలలోనూ చిన్న గ్రంథి ఉంటుంది సార్. నువ్వు ఇంకా చిన్నదానివే, ఇంకో చర్మం విడవాలి అని ఒంటికి చెబుతూ ఉంటుంది. ఈ మొక్క రసంలో ఉన్న పదార్థం కొన్ని పురుగుల్లో ఆ గ్రంథిని ఎండబెడుతుంది. అప్పుడు అవి పెద్దవి కాకుండానే పెద్దవైపోతాయి. మొక్క తనను తినేవాటి సంతానం పెరగకుండా అలా కాపాడుకుంటుంది. మన పురుగుల్లో ఇంత పనిచేస్తుందని నేను రూఢిగా చెప్పలేను. కానీ నాకు ఇంకో కారణం కనబడటం లేదు. వీటిని ఇక్కడ ఎవరు పెట్టమన్నారు?"

"వాళ్ళే పెట్టుకున్నారు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది, అంత నీచంగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆమె నా ముఖంలోకి చూసి, తల దించుకొని, సంచి సర్దుకుంది.

ఆఫీసుకు పోయి రెండు రిపోర్టులు రాశాను. ఒకదాంట్లో వాతావరణం అనుకూలించక పంట దెబ్బతిన్నదని ఉంది. మన దగ్గర వాతావరణం అనే మాట వెనక ఎంతమంది తల దాచుకున్నారో మీకు కొన్నాళ్ళకు తెలుస్తుంది. రెండోదాంట్లో జరిగింది ఉంది. రెండూ మడిచి జేబులో పెట్టుకొని మూడు రోజులు తిరిగాను. రిటైరు కావడానికి ఏడాది కూడా లేదు. ఆ మూడు రోజులూ ఆఫీసు ముందు నా మడుల్లో నీలిపూలు గాలికి ఊగుతుంటే అటు చూడలేకపోయాను.

మాఘం ఇంకా వారం ఉందనగా మేనత్త వాళ్ళు మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారని తెలిసింది. ఆ పొద్దున నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పటికి నాకే తెలియదు. అర్రలో చాపలు పరిచారు. మేనత్త, ఇద్దరు కులపెద్దలు, తండ్రి కూర్చున్నారు. నాకు కుర్చీ వేశారు. పిల్ల వంటింటి గడప అవతల నిలబడి ఉంది, చీర కట్టించారు. చీరలో ఆమె ఇంకా చిన్నగా కనబడింది.

"పిల్ల అడుగు వెట్టినంకనే షెడ్డు గిట్లయింది. ఊరంత అనుకుంటున్నరు. అయినా నా మేనకోడలు నాకు బరువా? తీస్కపోత. నాకేం ఫికర్ లేదు" అన్నది మేనత్త. ఆ మంచితనానికి పెద్దలు తలలూపారు. తండ్రి నేల చూస్తూ, "నాకు గూడ వేరే తొవ్వ కనవడ్తలేదు" అన్నాడు.

 జేబులో చెయ్యి పెడితే రెండు కాగితాలూ తగిలాయి.

"పిల్ల తప్పు లేదు. తప్పు నాది" అన్నాను. అందరూ నా దిక్కు తిరిగారు. పూల సంగతి, ఆకు గది సంగతి, వచ్చిన అమ్మాయి చెప్పిన సంగతి, నేను ఆమెతో అబద్ధమాడిన సంగతి అంతా చెప్పాను. రెండో రిపోర్టు తీసి చాప మీద పెట్టాను. 

తండ్రి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. "సారూ, మిమ్ముల నమ్మినం" అన్నాడు. ఆ తరువాత మెల్లగా, "అయితె గిప్పుడు ఏమైతది? తప్పు ఎవలదైతేంది, పంటయితె పోయింది గద" అన్నాడు.  తప్పు ఒప్పుకుంటే అన్నీ సర్దుకుంటాయని లోపల్లోపల ఆశపడ్డానేమో, ఆ ఆశ కూడా అక్కడే పోయింది. మేనత్త తాంబూలం పళ్ళెం ముందుకు జరిపింది.

అప్పుడు అవ్వ వెనక గదిలోంచి వచ్చింది. చేతిలో ఒక చాట. చాటలో పాత పేపరు పరిచి ఉంది. తాంబూలం పళ్ళాన్ని పక్కకు నెట్టి, చాట తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

పేపరు మీద రెక్కల పురుగులు ఉన్నాయి. పట్టుగూట్లోంచి వచ్చే తెల్లని చిలుకలు మీరు చూసే ఉంటారు. ఇవి వాటిలో పావు వంతు కూడా లేవు, పేలాల గింజంత. కానీ అన్నీ సక్రమంగా ఉన్నాయి. రెక్కలున్నాయి, మీసాలున్నాయి, మీద తెల్లని నూగు ఉంది. రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి, అంత చిన్నవి కాబట్టి ఆ చప్పుడు వినబడదు. అవ్వ ఆ గూళ్ళు పారేయకుండా దాచిందని మాకెవరికీ తెలియదు.  ఒక పెద్దాయన తెలియకుండానే వెనక్కి జరిగాడు.

"నిన్న పొద్దుగాల రెక్కలొచ్చినయి" అన్నది అవ్వ. "జతలు గూడ కట్టినయి. రాత్రి పోయింది, తెల్లారింది. గా పేపరు మీద ఒక్క గుడ్డు ఉంటె సూపియ్యి."

తండ్రి వంగి చూశాడు. పేపరు మీద అక్షరాలు తప్ప ఏమీ లేవు.

"నన్ను తొమ్మిదేండ్లకు ఈ ఇంటికి తెచ్చిండ్రు. ఆడుకునే ఈడు. పదమూడేండ్లకు కడుపు. ముగ్గురు నిలువలే. నాలుగోనివి నువ్వు. గా ముగ్గురు ఎందుకు నిలువలేదో నాకు ఎవలు చెప్పలే, నా రాత అన్నరు. గిప్పుడు సూస్తున్న." చాటలోకి వేలు పెడితే ఒక చిలుక ఆమె గోరు మీదికి ఎక్కింది. "గివి పెద్దగ కాలే నాయినా. పెద్దగ చేసిండ్రు."

మేనత్త ఏదో అనబోయింది. అవ్వ ఆమె దిక్కు చూడకుండా కొడుకునే చూస్తూ, "పిల్లకు నాలుగో జ్వరం ఇంక రాలే. రానియ్యి" అన్నది.

షెడ్డులో విన్న నిశ్శబ్దమే ఆ ఇంట్లో మళ్ళీ విన్నాను.  తండ్రి లేచి, కండువా భుజాన వేసుకొని, పక్క అర్రలోకి పోయాడు. కాసేపటికి మగ్గం చప్పుడు మొదలైంది. రెండు వారాలుగా ఆ ఇంట్లో వినబడని చప్పుడు అది. మేనత్త కాసేపు విని, పళ్ళెం తీసుకొని లేచింది.

రిపోర్టు పంపాను. మెమో వచ్చింది, జవాబు రాశాను, మిగిలిన ఆ నెలలు నన్ను ఏ ఊరికీ పంపకుండా ఆఫీసులోనే కూర్చోబెట్టారు. నాకు అది తక్కువ శిక్షే అనిపించింది. నీలిపూలన్నీ పెరికి కాల్చాం. అయినా మొదటి వానకు షెడ్డు చుట్టూ మళ్ళీ మొలిచాయి, ఆ పైయేడూ మొలిచాయి. ఈ మధ్య పానగల్ పోతే ఒక ఇంటి ముందు అవే పూలు మడి కట్టి ఉన్నాయి, వాటి మీద గోధుమరంగు చిలుకలు కదలకుండా వేలాడుతున్నాయి. ఇంటావిడ ముచ్చటగా నీళ్ళు పోస్తున్నది. నేను ఆ ఇల్లు దాటేదాకా ఊపిరి బిగబట్టుకొని నడిచాను. పూలకేం తెలుసు, వాటి పని అవి చేసుకుంటున్నాయి. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పగలిగిందల్లా ఒకటే, షెడ్డులో చప్పుడు ఆగితే ముందు ఇంట్లో ముసలమ్మ ఏమంటుందో వినండి, తలుపు తరువాత వేయవచ్చు.

తండ్రి నేసిన చీరల డబ్బుతో ఆ జూన్‌లోనే పిల్ల కాలేజీకని నల్లగొండ బస్సెక్కింది. పోయే ముందు తండ్రితో కలిసి ఆఫీసుకు వచ్చి, నాకు ఒక అగ్గిపెట్టె ఇచ్చింది. "మీ దగ్గర ఉంచుకోండ్రి సార్" అన్నది. కోపంగా అనలేదు, నవ్వుతూ కూడా అనలేదు. లోపల ఐదు చిన్న గూళ్ళు ఉన్నాయి.

ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి. నాలుగింటికి కన్నాలున్నాయి, ఖాళీ. ఐదోది తెరుచుకోలేదు. చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల ఏదో మెల్లగా కదులుతుంది. ఇన్నేళ్ళకు ఎండిపోయినదే, నాకు తెలుసు. అయినా దాన్ని పురుగు అనడానికి నాకు నోరు రాదు.